డ్రైవర్ కళ్లు, సేటు ఫోను

కార్ల వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఈ పనిలో నిలదొక్కుకోవాలంటే ముందు ఏం నేర్చుకోవాలి సార్ అని. ఇంజనా, గేర్‌బాక్సా, లాప్‌టాప్ తగిలించి తప్పులు పట్టడమా అని వాళ్ల ఆలోచన. నోరు మూసుకోవడం నేర్చుకోండి అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను మాత్రం నవ్వను, ఎందుకంటే ఆ మాట నవ్వులాటకు అన్నది కాదు.

నాందేడ్‌లో ఒక కార్ల షోరూమ్ వెనకాల వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజర్‌గా చేరి, అక్కడే మేనేజర్‌గా రిటైరయ్యాను. మా నాన్న నిజామాబాద్ వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, వర్క్‌షాపులో దక్కనీ మాట్లాడుతూ పెరిగినవాణ్ని. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరు అడ్డుపడ్డారో ఇక్కడ రాయబోవడం లేదు. ఆ కథలు విని విని మా ఆవిడకే విసుగొచ్చింది, ఇక మీకెందుకు.

రహీం ఉస్తాద్ పద్ధతి

నేను చేరినప్పుడు మా ఫోర్‌మన్ రహీం ఉస్తాద్. బండిలో చప్పుడొస్తోందని ఎవరైనా వస్తే ఆయన బానెట్ ఎత్తేవాడు కాదు. చప్పుడొస్తోందని చెప్పిన మనిషినే స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తాను పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. అలా ఊరి బయటి దాకా పోయి వచ్చేవారు. మొదట్లో నేను ఈ పెద్దాయన తిండి తిని కునుకు తీస్తున్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన బండిని కాదు, నడిపే మనిషిని వింటున్నాడని. ఎప్పుడు క్లచ్ తొక్కుతున్నాడు, గుంతకు ఎంత ముందుగా బ్రేకు వేస్తున్నాడు, అన్నీ చెవితో పట్టేవాడు. సగం బండ్లకు రిపేరు అక్కర్లేకుండా పోయేది. నడిపే మనిషికి నాలుగు మాటలు చెబితే సరిపోయేది.

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. అది నాకు ఒక హెడ్మాస్టరు కారు వల్ల తెలిసింది. ఆ హెడ్మాస్టరు పేరు చెబితే పిల్లలు గోడకు అతుక్కుపోయేవారు, అంత కోపిష్టి. ఆయన కారు సర్వీసుకు వచ్చినప్పుడు మా కుర్రాళ్లలో ఒకడు టేపు నొక్కాడు. లోపలి క్యాసెట్‌లో హెడ్మాస్టరు గారే పాడుతున్నారు! శ్రుతి ఒకవైపు, ఆయన ఒకవైపు. ఇంట్లో నవ్వుతారని కాబోలు, కారులో ఒక్కడే కూర్చుని పాడుకుని, రికార్డు చేసుకుని, మళ్లీ తానే వినేవాడు. వర్క్‌షాపు మొత్తం పని ఆపి పొట్ట పట్టుకుని నవ్వుతుండగా ఆయన బండి తీసుకుపోవడానికి గేటు దగ్గరికి వచ్చాడు. తన గొంతు తానే విన్నాడు. తాళం తీసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ మా గేటు తొక్కలేదు.

ఆ సాయంత్రం రహీం ఉస్తాద్ మా అందరినీ నిలబెట్టాడు. "గాడీకీ బాత్ గాడీమేచ్ రహనా" అన్నాడు. బండిలో సంగతి బండిలోనే ఉండాలని. గట్టిగా కూడా అనలేదు. ఆ మనిషి మళ్లీ పాడతాడో పాడడో అని నాకు చాలా రోజులు దిగులుగా ఉండింది. ఇల్లు ఎంత పెద్దదైనా మనిషికి తనకంటూ ఒక మూల దొరకదు. చాలామందికి ఆ మూల కారే.

కొత్త బండికి కళ్లొచ్చాయి

ఇప్పుడొచ్చే కొన్ని బండ్లలో స్టీరింగ్ వెనక చిన్న కెమెరా ఉంటోంది. అది రోడ్డును చూడదు, నడిపేవాడి ముఖం చూస్తుంది. రెప్పలు వాలినా, తల పక్కకు తిరిగి అలాగే ఉండిపోయినా బీప్ మంటుంది. ఇది వచ్చిన కొత్తలో మా దగ్గర పెద్ద గొడవ. "నా బండిల నన్నే చూసుడేంది?" అని కొందరు దాని మీద స్టిక్కరు అంటించమని అడిగారు. ఒకాయనైతే నిమ్మకాయ, మిరపకాయల దండ సరిగ్గా దానికి అడ్డంగా కట్టాడు.

నా అభిప్రాయం దాచుకోను. ఆ బీప్ మంచిది. మన వైపు ఎండాకాలంలో మధ్యాహ్నం జొన్నరొట్టె తిని స్టీరింగ్ పట్టుకున్నవాణ్ని ఏ దేవుడు కాపాడాలి? కిన్‌వట్ దగ్గరి మాండవిలో పనిచేసే ఒక నర్సమ్మ, అడవి దారిలో డ్యూటీ నుంచి వస్తూ ఆ బీప్‌తో ఉలిక్కిపడి లేచిందట. ఎదురుగా ఎద్దులబండి. షోరూమ్‌కు వచ్చి మా అందరికీ పాలకోవా పేడాలు పంచింది.

కానీ అదే నర్సమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఆమె ఆ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఈ బండ్ల సంగతులు యాప్‌లో యజమాని ఫోనుకు పోతుంటాయి, అమ్మినాయన తన ఫోనులోంచి ఆ బండిని తీసేయలేదు. ఆమె ఎక్కడికి పోయిందీ, ఎంతసేపు ఆగిందీ ఆయనకు కనబడుతూనే ఉంది. ఒకరోజు బజారులో ఎదురుపడి, "ఏమ్మా, నిన్న కిన్‌వట్ పోయినవా?" అన్నాడట నవ్వుకుంటూ. ఆమె నేరుగా మా దగ్గరికే వచ్చింది. మేము ఆ పాత ఖాతా తీసేసి ఆమె పేరు మీద కొత్తది పెట్టాం. అప్పటి నుంచి మా దగ్గర చేతులు మారిన ప్రతి బండికీ ముందు ఆ పని చేసేవాళ్లం, ఇంజన్ ఆయిలు తర్వాత.

బీప్ మనిషిని నిద్ర లేపినంతసేపూ నాకు దానితో తగాదా లేదు. అది ఊరంతా తిరిగి చెప్పడం మొదలుపెడితేనే తగాదా. ఆ తేడా నాకు పూర్తిగా తెలిసొచ్చింది పోశెట్టి అనే డ్రైవర్ విషయంలో, అతను సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

సేటు కోపం

విశ్వనాథ్ సేటుకు కుండల్‌వాడిలో పప్పు మిల్లు ఉంది. ఇల్లు నాందేడ్‌లో. మాకు పాత ఖాతాదారు, మాట కరుకే గాని మనిషి మంచివాడు. కొత్తగా పెద్ద బండి కొన్నాడు, ముఖం చూసే కెమెరా ఉన్నది. ఆ బండికి డ్రైవర్ పోశెట్టి, కుండల్‌వాడి మనిషే.

ఒకరోజు పొద్దున సేటు నా క్యాబిన్‌లోకి వచ్చి ఫోను నా ముందు బల్ల మీద పెట్టాడు.

"రాజన్నా, గీ పోశెట్టిగాడు బండి నడుపుతుండా, పండుకుంటుండా? ఇగో చూడు. రోజు గిదే కథ. కర్ఖేలి దగ్గరికి రాంగనే కండ్లు మూస్తుండట."

చూశాను. డ్రైవర్ కళ్లు మూసుకున్నాడన్న హెచ్చరికలు వరసగా ఉన్నాయి. మిల్లుకు పోతూ ఒకటి, వస్తూ ఒకటి. అన్నీ కర్ఖేలి దగ్గరి మలుపులోనే.

"నా కోడలు, మనుమరాలు గీ బండిలనే తిరుగుతరు. తాగుతుండో, నిద్ర రోగమో నాకెర్క లేదు. కెమెరాల ఉన్నదంత తీసియ్యి. వాని ముఖం ముందర పెట్టి ఇయ్యాల్నే ఇంటికి పంపిస్త."

"అండ్ల ఫొటోలు ఉండవు సేట్‌జీ. కండ్లు మూసిండని చెప్తది, అంతే. ఎందుకు మూసిండో దానికి ఎర్క లేదు."

"మరి ఎవలకెర్క?"

"రెండు దినాలు ఆగుండ్రి. నేను వానితోని ఒకసారి పోయొస్త."

సేటు కోపంలో న్యాయం లేదని నేననను. మనుమరాలిని కూర్చోబెట్టే బండి కదా. కానీ నాకొక అనుమానం కలిగింది. నిద్ర వచ్చేవాడికి ఒకే మలుపులో ఎందుకొస్తుంది? నిద్రకు ఊళ్ల పేర్లు తెలియవు కదా.

పక్క సీట్లో

మర్నాడు పోశెట్టితో బయలుదేరాను, మిల్లుకు పోయే ధర్మాబాద్ దారిలో. నలభై దాటిన మనిషి, సన్నగా, తక్కువ మాట. రహీం ఉస్తాద్ లాగా కళ్లు మూసుకుని కూర్చుందామనుకున్నాను గాని, ఈసారి చూడాల్సింది కళ్లనే కాబట్టి తెరుచుకుని కూర్చున్నాను.

"కెమెరా లెక్కనే చూస్తుండ్రు గదా సార్" అన్నాడు పోశెట్టి. నాకు నవ్వొచ్చింది.

ఊరు దాటగానే హనుమాన్ మందిరం. పోశెట్టి చెయ్యి గుండె మీదికి, అక్కణ్నుంచి పెదవుల మీదికి పోయింది. ఓహో, దొంగ దొరికాడు అనుకున్నాను. మన వైపు డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే కదా, దారిలో గుడి కనబడితే గుడికి, దర్గా కనబడితే దర్గాకు మొక్కడం. ఆ మొక్కులో కళ్లు మూస్తున్నాడు, కెమెరా పట్టేస్తోంది. ఇంత చిన్న విషయానికి సేటు ఎంత రాద్ధాంతం చేశాడని మనసులోనే వర్క్‌షాపుకు తిరిగొచ్చి మీసం మెలేశాను కూడా.

కానీ బీప్ రాలేదు. పోశెట్టి కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. దర్గా వచ్చింది, మొక్కాడు, బీప్ లేదు. ఎల్లమ్మ గుడి వచ్చింది, మొక్కాడు, బీప్ లేదు. నా మీసం దిగిపోయింది. ఉమ్రీ దాటాం. ఇంత జాగ్రత్తగా నడిపే మనిషిని నేను ఈ మధ్య చూడలేదు. గుంత ఇంకా దూరంలో ఉండగానే కాలు బ్రేకు మీదికి పోతోంది.

కర్ఖేలి దగ్గరి మలుపు వచ్చింది. మలుపు తిరగగానే ఒక కల్వర్టు, దాని పక్కన తుమ్మచెట్టు. పోశెట్టి వేగం తగ్గించాడు. పెదవులు కదిలాయి. కళ్లు మూతపడ్డాయి. బండి బీప్ మంది.

"ఇగో, గిదే. గిప్పుడేమైంది పోశెట్టీ?"

పోశెట్టి ఊళ్లోకి పోయి చాయ్ దుకాణం ముందు బండి ఆపాడు. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. గ్లాసు సగం అయ్యాక అడిగాడు, "గా బీప్ సేటు ఫోన్ల వడ్తదా సార్?"

"నీకు ఎవరూ చెప్పలేదా?"

"లేదు సార్. గక్కడ మలుపున్నది, పైలం అని బండి చెప్తుందనుకున్న. బండికి గూడ గా జాగ ఎర్కే అనుకున్న."

తప్పు మాదేనని అప్పుడు తెలిసింది. బండి అప్పగించేటప్పుడు మేము సేటుకు అన్నీ వివరించాం. స్టీరింగ్ పట్టుకునే మనిషికి మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

తర్వాత తనే చెప్పాడు. "గంగారాం అని నా దోస్తు సార్. ఇద్దరం కల్సి మిర్చి లారీ నడిపేటోళ్లం. గా దినం ఎండ మస్తు కొడ్తుంది. నాకు కండ్లు మూతలు వడ్తుంటే, నువ్వు పండుకో, నేను నడుపుత అన్నడు. వానికి గూడ నిద్ర లేదు, నాకెర్కనే. ఎర్కుండి ఇచ్చిన స్టీరింగు. నేను లేసేసరికి లారీ గా కల్వర్టు కింద ఉన్నది. వాడు లేవలే."

చాయ్ దుకాణం వాడు స్టవ్వుకు గాలి కొడుతున్నాడు. పోశెట్టి గ్లాసులోకి చూస్తూ అన్నాడు, "గా మలుపు రాంగనే వాని పేరు తలుసుకుంట. కండ్లు అయే మూస్కపోతయి. రెప్ప కొట్టినంతసేపే సార్. సేటుకు చెప్పకుండ్రి. లారీ బోల్తా వడ్డోడని తెలిస్తే మనుమరాలిని నా బండిల కూసోబెడ్తడా? పనిల వెట్టుకున్నప్పుడు ఆయన అడగలే, నేను చెప్పలే."

చెబితే ఉద్యోగం పోతుందని భయం. చెప్పకపోతే నిద్రమొహం వాడని ఎలాగూ పోతుంది. ఇల్లు గడిచేది ఆ ఒక్క జీతం మీద. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటికొచ్చింది.

"నీ బాధ నాకు సమజైంది. గానీ నువ్వు చేసేది తప్పు. రెప్ప కొట్టినంతసేపే అంటున్నవు. గంగారాం పోయింది గూడ రెప్ప కొట్టినంతల్నే గదా?"

అనకూడని మాటేమో. కానీ అనాల్సిన మాట. పోశెట్టి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు, "మరేం జెయ్యాలె సార్? కండ్లు తెర్సి వానికి మొక్కుడు నాతోని గాదు."

"బండి పక్కకు తీసి ఆపు. దిగు. ఎంతసేపన్నా మొక్కు. అయినంక ఎక్కు."

"సేటు ఎన్క కూసోని ఉంటే?"

నేను చాయ్ డబ్బులిచ్చి లేచాను.

కళ్లు ఎవరివి

సేటు మూడో రోజు పొద్దున్నే వచ్చాడు. దాపరికం లేకుండా చెప్పాను. "బండిల ఏ లోపం లేదు. పోశెట్టికి నిద్ర రోగం లేదు, తాగుడు లేదు. ఒక్క జాగల కండ్లు మూస్తుండె, అది నిజం. నడుపుకుంట ఇగ మూయొద్దని చెప్పిన. ఎందుకన్నది నేను చెప్ప. అది వాని సొంత సంగతి."

సేటు ముఖం ఎర్రబడింది. "బండి నాది. డీజిల్ నాది. నా డ్రైవర్ కండ్లెందుకు మూస్తుండో నాకే చెప్పవా?"

"కండ్లు మాత్రం వానియి సేట్‌జీ."

లేచి పోతాడనుకున్నాను. పోలేదు, కోపంగా కూర్చున్నాడు. నేను ఆయన ఫోను తీసుకుని బండి ఎక్కడెక్కడ ఆగిందో చూపించే పేజీ తెరిచాను.

"ఆదివారం పొద్దుగాల బండి మీరే నడుపుతరు గదా?"

"అవును. అయితే?"

"మన వజీరాబాద్ బజార్ల ఒక జిలేబీ దుకాణం ముంగట బండి ఆగుతుంది. ప్రతి ఆదివారం."

సేటుకు షుగర్ ఉంది, గట్టిగానే ఉంది. ఆ సంగతి మా వర్క్‌షాపులో అందరికీ తెలుసు, చాయ్ చక్కెర లేకుండా తాగి ముఖం చిట్లిస్తాడు కాబట్టి. ఆయన గొంతు తగ్గించాడు.

"గది గూడ వడ్తదా అండ్ల?"

"పడ్తది."

"ఎవలెవలకు కనవడ్తది?"

"గా యాప్ ఎవల ఫోన్ల ఉంటే వాళ్లకు."

"యాప్ వెట్టిందే కోడలు..." అని ఆగి, నుదురు కొట్టుకున్నాడు. "గందుకేనా ఆదివారం ఆదివారం పగటీలి బువ్వల నాకు కాకరకాయ వెడ్తుంది!"

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వు అయ్యాక సేటు ఫోను వైపు మరో రకంగా చూశాడు. కోడలు ఒక్కసారి కూడా అడగలేదట, గొడవ పడలేదట. కాకరకాయ వండి పెట్టి ఊరుకుందట. "చూసి గూడ ఊకున్నది రాజన్నా" అన్నాడు, మెల్లగా.

ఫోను నా వైపు జరిపి ఒక్కటే అడిగాడు. "నా మనుమరాలిని వాని బండిల కూసోబెట్టచ్చునా?"

"నా మనుమణ్ని కూసోబెడ్త సేట్‌జీ. కండ్లు మూసుకోని కూసోబెడ్త."

అప్పటికప్పుడు సెట్టింగులు మార్చాం. బీప్ బండిలో ఉంటుంది, అది తీయడానికి నేను ఒప్పుకోలేదు. ఆ బీప్ ఫోనుకు పోవడం ఆపేశాం. బండి ఎక్కడుందో ఇంటివాళ్లకు కనబడడం ఆపదలో తప్ప లేకుండా చేశాం. వేగం మితి మీరితే మాత్రం తనకు తెలియాలని సేటు పట్టుబట్టాడు, అది ఉంచాం. పోశెట్టిని కూడా పిలిచి, ఏది పోతోంది, ఏది పోవడం లేదు, పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. సేటు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. బండి అప్పగించేటప్పుడు డబ్బు కట్టినవాడికే కాదు, నడిపేవాడికీ చెప్పండి. అతనికి అర్థమయ్యే భాషలో చెప్పండి. ఎవరైనా వచ్చి పక్కవాడి సంగతి బండిలోంచి తీసిమ్మంటే, అది మీ పని కాదని మర్యాదగా చెప్పండి. మేనేజరు కోప్పడతాడు, పడనివ్వండి. నేనూ కోప్పడిన మేనేజరునే, నా మాట నమ్మండి, సాయంత్రానికి తగ్గిపోతుంది. మొదట్లో ఈ కెమెరాలు చూసి నేనూ బెదిరాను. ఇప్పుడు అంత బెంగ లేదు. వాటికి ఎంతవరకు చెప్పాలో నేర్పేది మనమే, నేర్పితే నేర్చుకుంటాయి. సేట్లే నేర్చుకుంటున్నారు.

కర్ఖేలి మలుపు

నేను రిటైరైన తర్వాత ఒకసారి సేటు ఫోను చేశాడు, మిల్లులో కొత్త మిషను పెట్టాం, పూజకు రమ్మని. బండి పంపిస్తాడనుకుంటే తనే వచ్చాడు, మనుమరాలితో సహా. పోశెట్టి స్టీరింగ్ ముందు. నేను పక్క సీట్లో, అలవాటు పోలేదు.

దారి పొడుగునా ఆ పిల్ల కబుర్లు చెబుతూనే ఉంది. సేటు ఫోనులో ధరలు చూసుకుంటున్నాడు. ఉమ్రీ దాటాక నా చూపు పోశెట్టి చేతుల మీదికి పోయింది. ఈ మనిషి ఆపుతాడా, ఆపడా? ఆపితే సేటు ఏమంటాడు? ఆపకపోతే బండి బీప్ మంటుందా?

మలుపు ఇంకా కొంచెం దూరం ఉండగానే ఇండికేటర్ టిక్కుటిక్కుమంది. పోశెట్టి బండిని మెల్లగా రోడ్డు దింపి, తుమ్మచెట్టు నీడలో ఆపాడు. దిగాడు. చెప్పులు విడిచాడు. కల్వర్టు వైపు తిరిగి చేతులు జోడించి, కళ్లు మూసుకున్నాడు.

"తాతా, బండెందుకు ఆగింది?" అని అడిగింది పిల్ల.

సేటు తలెత్తి చూశాడు. బయట నిలబడ్డ పోశెట్టిని చూశాడు. నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"పోశెట్టికి జరంత పనున్నది బిడ్డా" అన్నాడు.

తర్వాత ఆయనే తలుపు తీసుకుని దిగాడు. మోకాళ్ల నొప్పితో ఒక్కో కాలూ ఆనించుకుంటూ పోయి, పోశెట్టికి కొంచెం వెనకగా నిలబడ్డాడు. టోపీ తీశాడు. అక్కడ గుడి లేదు, రాయి లేదు, జెండా లేదు. ఎవరికి మొక్కుతున్నాడో తెలియకుండానే చేతులు జోడించాడు.

పోశెట్టి కళ్లు తెరిచి వెనక్కి తిరిగాడు. సేటును చూసి అక్కడే ఆగిపోయాడు. నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు.

"ఏం చెప్పకు తియ్యి" అన్నాడు సేటు. "అయిందా? ఇంకొంచెం సేపుంటవా? పూజ మనం పోయినంకనే గదా."